షార్ట్ కలకత్తా: తొలితరం ప్రయాణికుల ఎగిరే పడవ

షార్ట్ కలకత్తా 1928లో బ్రిటన్‌లో తయారైన ప్రయాణికుల విమానం. పడవ అడుగులాంటి పొట్టతో నీటి మీద దిగి, నీటి మీంచే లేచే ఎగిరే పడవల కోవకు చెందినది. అంతకుముందు 1923 నాటి సూపర్‌మెరైన్ సీ ఈగిల్ ఒక్క ఇంజనుతో, సౌతాంప్టన్, గెర్న్సీల మధ్య ఆరుగురిని మోసేది. దాని పొట్ట చెక్కది. చెక్క నీళ్లు పీల్చి బరువెక్కేది. రోచెస్టర్‌లోని షార్ట్ సోదరుల సంస్థలో ఆస్వాల్డ్ షార్ట్ డ్యూరాల్యుమిన్ రేకుకు మారడం వల్లే కలకత్తా సాధ్యమైంది. దానికి మూడు బ్రిస్టల్ జూపిటర్ ఇంజన్లు, 15 మందికి చోటు. ప్రయాణికులు లోపల హాయిగా కూర్చుంటే, పైలట్లు ముందుభాగంలో కప్పు లేని చోట గాలికీ తుంపరకీ ఎదురొడ్డేవారు. 1928 ఆగస్టులో దాన్ని పార్లమెంటు చెంత థేమ్స్ నదిలో దింపి సభ్యులకు చూపించారు.

ఇంజను మొరాయిస్తే కిందున్న సముద్రమే ఆదుకుంటుందన్నది ఈ విమానాల పక్షాన వినిపించిన గట్టి వాదన. అది సగమే నిజం. బ్రిటిష్ విమాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929 మార్చి 30న మొదలుపెట్టిన లండన్–కరాచీ దారిలో మధ్యధరా సముద్రం దాటించే పని కలకత్తాలది. అదే ఏడు అక్టోబరు 26న ‘సిటీ ఆఫ్ రోమ్’ అనే కలకత్తా ఇటలీలోని స్పెజియా దగ్గర ఈదురుగాలిలో సముద్రం మీద దిగాల్సి వచ్చింది. క్షేమంగానే దిగింది. టగ్గు వచ్చి తాడు కట్టి లాగింది. తాడు తెగింది. అందులోని ఏడుగురూ పోయారు. ఒక్క ప్రమాదంతో తీర్పు చెప్పొచ్చా అనేవారు 1935 డిసెంబరు 31 కూడా చూడాలి. ఆ రాత్రి ‘సిటీ ఆఫ్ ఖార్టూమ్’ అనే మరో కలకత్తా ఇంధనం అందక, అలెగ్జాండ్రియా రేవు కనుచూపు దూరంలో ఉండగానే, సముద్రంలో పడింది. 12 మంది చనిపోయారు, పైలట్ ఒక్కడే బతికాడు.

సముద్రం ఉన్నంత మాత్రాన ఆసరా దొరకదన్న సంగతి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి బారువ పాత రేవు. రంగం (రంగూన్ నగరం) వెళ్లే స్టీమర్లు దూరంగా లంగరు వేస్తే, మనుషుల్నీ మూటల్నీ నాటుపడవలే కెరటాలు దాటించేవి. మహేంద్రతనయ నది అక్కడే సముద్రంలో కలుస్తున్నా ఓడ నిలిచేంత లోతు ఆ మొగలో లేదు. ఓడకైనా ఎగిరే పడవకైనా నీరుంటే చాలదు, అలల తాకిడి లేని నీరుండాలి. 1930ల చివర్లో ఎంపైర్ తరగతి ఎగిరే పడవలు మన దేశం మీదుగా వెళ్లినప్పుడు కరాచీ నుంచి రాజసమంద్ సరస్సు, గ్వాలియర్, అలహాబాద్, కలకత్తా హుగ్లీ నది, ఆపైన అక్యాబ్, రంగం చేరేవి. ఇంత పొడవైన కోరమాండల్ తీరం ఆ దారిలో లేకపోవడం నా దృష్టిలో ఈ మాటకు, అంటే అలలు లేని నీరే కావాలన్నదానికి, బలమైన సాక్ష్యం.

అలాగైతే నేల మీద దిగే విమానాలే నడపాల్సింది కదా అనొచ్చు. కానీ బరువైన విమానాన్ని ఓర్చే గట్టి రన్‌వేలు అప్పట్లో ఆసియా, ఆఫ్రికా దారుల్లో అరుదు. చెరువూ నదీ ఆ కొరత తీర్చాయి. అందుకే కలకత్తా సంతతి పెరిగింది: సైన్యం కోసం 1930లో రంగూన్, నాలుగు ఇంజన్లతో 1931లో కెంట్, 1936లో ఎంపైర్. రెండో ప్రపంచ యుద్ధం ఖండఖండానా పొడవాటి రన్‌వేలు మిగిల్చాక ఆ అవసరం తీరిపోయింది. ఇంపీరియల్ వారసురాలు బీఓఏసీ 1950లో ఎగిరే పడవల సర్వీసులు ఆపేసింది.