39 అంకెల మొండిఘటం



పేరంటానికి పన్నెండు లడ్లు చేశామనుకోండి. ఇద్దరికైనా, ముగ్గురికైనా, నలుగురికైనా సమంగా పంచవచ్చు. పదమూడైతే వచ్చింది చిక్కు! పదమూడు మందికి తలా ఒకటి ఇవ్వాలి, లేదా అన్నీ ఒక్కరికే కట్టబెట్టాలి. ఇలా పంపకానికి లొంగని 2, 3, 5, 7, 11, 13 వంటివాటినే ప్రధాన సంఖ్యలంటారు. మన పిల్లలు బడిలో వల్లించేవే.

చిన్నవాటి సంగతి సరే. మరి పెద్ద సంఖ్య లొంగుతుందో లొంగదో తేల్చేదెలా?

ఫ్రాన్సులో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. 2ను కొన్నిసార్లు హెచ్చవేసి, చివర ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యల్లో ఏవేవి ప్రధానాలో 1644లో ఒక జాబితా ప్రకటించాడు. నిరూపణ మాత్రం చూపలేదు. 127 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది ఆ జాబితాలో ఉంది. అది ఇదీ:

170141183460469231731687303715884105727

ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూద్దామంటే, సెకనుకొకటి చొప్పున చేసినా కోట్ల ఏళ్ళు పడుతుంది. 1876లో ఎడువార్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త అలా భాగించకుండానే అది ప్రధానమని తేల్చాడు. ఆయన పద్ధతిని 1930 ప్రాంతంలో లెహ్మర్ సులువు చేశాడు. పిల్లల పలక మీద మీరే చేసి చూడండి.

అయిదు రెండ్లను హెచ్చవేసి ఒకటి తీస్తే 31. ఇప్పుడు 4తో మొదలుపెట్టండి. దాని వర్గంలోంచి 2 తీస్తే 14. మళ్ళీ అలాగే చేస్తే 194. దాన్ని 31తో భాగిస్తే శేషం 8. ఇంకోసారి వర్గం చేసి 2 తీస్తే 62. 31తో భాగిస్తే శేషం సున్న! కాబట్టి 31 ప్రధానమే. అయిదుకి మూడుసార్లు చేశాం కదా; 127కి 125 సార్లు చెయ్యాలి. అన్నీ భారీ అంకెలే. ఒక్కచోట తప్పినా శ్రమంతా వృథా.

అదే జాబితాలోని 67 రెండ్ల సంఖ్య మాత్రం ప్రధానం కాదని కూడా లూకాయే చెప్పాడు. కాదని తెలిసింది గానీ ఏ రెండు సంఖ్యలుగా విడిపోతుందో తెలియలేదు. 1903లో న్యూయార్కులో కోల్ అనే ఆచార్యుడు సభ ముందు 193707721నీ 761838257287నీ హెచ్చవేసి చూపించాడు. అంటే, సన్యాసి మాట ఒకచోట నిలిచింది, ఒకచోట తప్పింది. పెద్దలు చెప్పినా లెక్క చూసుకోవలసిందేనన్నమాట!

ఇంకో చమత్కారం. 2తో మొదలుపెట్టి ఇదే వరసలో వెళ్తే 3, దాంతో 7, దాంతో 127, దాంతో మన 39 అంకెల సంఖ్య. అన్నీ ప్రధానాలే. ఆ తరువాతిది? ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు.

లూకా గారిది విచారకరమైన ముగింపు. 1891లో ఒక విందులో పింగాణీ పళ్ళెం పగిలి ముక్క చెంపకు గీసుకుంది. గాయం విషమించి కొద్దిరోజులకే, 49వ ఏట పోయారు. ఆయన తేల్చిన సంఖ్యను మించిన ప్రధానం 1951 దాకా ఎవరికీ దొరకలేదు. 2024లో కంప్యూటర్లకు దొరికినదానికి 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలు!

"ఇదంతా ఎందుకమ్మా?" అంది మా అమ్మాయి. బ్యాంకు రహస్యాలను దాచే తాళాల్లో కొన్నింటికి పెద్ద ప్రధాన సంఖ్యలే ఆధారమని చెప్పాను. కానీ లూకా ఆ తాళాల కోసం చెయ్యలేదమ్మా, నిజమేమిటో తెలుసుకుందామని చేశాడు అన్నాను. అది పలక తీసుకుని 127 పరీక్షకు కూర్చుంది.