అడవికి పోయే ముందు: బేగంపేట దోమ చెప్పిన పాఠము

శంషాబాదు విమానాశ్రయం సమీపాన తుక్కుగూడ మీదుగా దక్షిణానికి సాగే శ్రీశైలం రోడ్డు నల్లమల అడవిలోనికి, అమ్రాబాదు పీఠభూమి మీదికి పోతుంది. అక్కడ మార్గదర్శి వెంట ఒక పూట అడవి చూచి రాదలచిన విద్యార్థి ఏమేమి సర్దుకోవలెను? పొడుగు చేతుల చొక్కా, మేజోళ్ళు, బూట్లు, కాచి చల్లార్చిన నీరు, దోమలు వాలకుండా పూసుకొనే లేపనము. ఈనాడు ఈ జాబితా ఎవరైనా చెప్పగలరు. అయితే ఇందులో దోమ మాట ఎప్పుడు చేరినది? దీనికి జవాబు అడవిలో లేదు. బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గరనే ఉన్నది.

అడవులకు పోయినవారికి చలిజ్వరం వస్తుందని మనవారికి చిరకాలంగా తెలుసు. దానిని మన్యపు జ్వరమన్నారు. కొండనీరు పడలేదనీ, గాలి మంచిది కాదనీ కారణాలు చెప్పుకొన్నారు. పాశ్చాత్యులదీ అదే నమ్మకము. మలేరియా అనగా ఇటాలియను భాషలో చెడుగాలి. 1820లో సింకోనా బెరడు నుండి క్వినైనును వేరుచేసినారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తంలో మలేరియా సూక్ష్మజీవిని చూచినాడు. మందు దొరికినది, రోగకారణమూ తెలిసినది. కాని ఆ జీవి ఒకరి రక్తం నుండి మరొకరి రక్తంలోనికి ఎట్లు చేరుచున్నది?

1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ తన ఊహను రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యునికి వివరించినాడు. దోమ రోగి రక్తం పీల్చి నీటిలో పడి చస్తుంది, ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుంది అని ఆయన ఊహ. ఇదే నిజమైతే అడవికి పోయేవాడు నీరు కాచుకొంటే చాలును, దోమకాటుకు వెరవనక్కర లేదు. 1895లో రాస్ సికింద్రాబాదులో ఈ ఊహను పరీక్షించినాడు. దోమలు చచ్చిన నీటిని తాగుటకు కొందరు ఒప్పుకొన్నారు. ఒకనికి కొద్దిపాటి జ్వరం వచ్చినది గాని, తక్కినవారికి ఏమీ కాలేదు. ఊహ నిలువలేదు.

1897 వేసవిలో రాస్ నీలగిరులలోని సిగూరు కనుమకు పోయినాడు. కిటికీలు మూసి, దోమతెరలో పడుకొన్నాడు. అయినా ఆయనకే చలిజ్వరం పట్టుకొన్నది.

జూన్‌లో సికింద్రాబాదుకు తిరిగివచ్చి, బేగంపేట సైనిక వైద్యశాలలో మళ్ళీ పని మొదలుపెట్టినాడు. అంతవరకు ఆయన బూడిదరంగు దోమలను, చారల దోమలను వందలకొద్దీ కోసి చూచినాడు. ఒక్కదానిలోనూ ఫలితం లేదు. ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికినవి. 16వ తేదీన వాటిని హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టనిచ్చి, దోమకొక అణా చొప్పున అతనికి ఇచ్చినాడు. విసనకర్ర వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుంది. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. 20వ తేదీన ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించినవి. వాటిలో మలేరియా జీవికి గుర్తైన నల్లని రేణువులే ఉన్నవి. మరునాడు ఇంకొక దోమలో అవే కణాలు మరింత పెద్దవై కనిపించినవి. అనగా అవి దోమలో పెరుగుచున్నవి. అప్పటివరకు కోసిన దోమలు మలేరియా మోసే జాతివి కావు. అందుకే ఆ శ్రమ ఫలించలేదు.

1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను పరిశీలించి, ఆ జీవులు దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో వ్యాపిస్తాయని చూపినాడు. మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమ మోస్తుందని అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు రుజువుచేసినారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చినది.

మన ప్రయాణపు మూటకు దీనివల్ల కలిగే లాభమేమి? దోమతెర దానిలో ఉన్నంతసేపే కాపాడుతుంది. అనాఫిలిస్ సంజవేళ నుండి తెల్లవారువరకు కుడుతుంది కాబట్టి, పొద్దు వాలకముందే అడవి విడుచుట మేలు. రాస్‌ను విసిగించిన చారల దోమలను నిర్లక్ష్యం చేయరాదు. అట్టి ఈడిస్ దోమలు పగలే కుట్టి డెంగీని వ్యాపింపజేస్తాయి. కనుక పగటి నడకలోనూ పొడుగు చేతుల చొక్కా తప్పదు. నీరు కాచుట మలేరియాను ఆపదు గాని, కలరా, టైఫాయిడులను ఆపుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి కలదు. మలేరియా కుట్టిననాడే బయటపడదు. సాధారణంగా వారం మొదలు కొన్ని వారాల తరువాత జ్వరం వస్తుంది. అప్పటికి అడవి సంగతి పిల్లలు మరచిపోతారు, వైద్యుడు ఎరుగడు. అందుచేత ఉపాధ్యాయులు ప్రయాణపు తేదీని, వెళ్ళిన పిల్లల పేర్లను వ్రాసి ఉంచవలెను. ఆ పిమ్మట ఎవరికి జ్వరం వచ్చినా వెంటనే రక్తపరీక్ష చేయించి, అడవికి పోయిన సంగతి వైద్యునికి చెప్పవలెను. ఈ మాట మూటలో బరువు కాదు, ప్రాణం కాపాడవచ్చును.