ఉత్తరాంధ్రలో అంగిలి క్యాన్సర్: పరిశోధన, శస్త్రచికిత్సల చరిత్ర

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న తీరంలో తల, మెడ శస్త్రచికిత్స చరిత్రను అంగిలి క్యాన్సర్‌ను విడిచి చెప్పలేం. దేశంలో తక్కిన చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపలా, చిగుళ్ల మీదా, నాలుక మీదా కనిపిస్తుంది. ఈ తీరంలో మాత్రం గట్టి అంగిలి మీద కూడా పెద్ద సంఖ్యలో వస్తూ వచ్చింది. అందుకు కారణం అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించి నిప్పు కొసను నోట్లో పెట్టుకొని తాగడం.

ఈ అలవాటు మగవాళ్లలోనూ ఉంది కానీ ఆడవాళ్లలో, ముఖ్యంగా పెద్ద వయసు వారిలో ఎక్కువ. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదనీ, చాలాసేపు నిలుస్తుందనీ, పని చేసుకుంటూ తాగవచ్చనీ వాళ్లు చెబుతారు. నిప్పు నోట్లోనే ఉండడంతో అంగిలికి పొగ, తారు, వేడి మూడూ ఒక్కసారే తగులుతాయి.

విశాఖలో 1923లో కింగ్ జార్జి ఆసుపత్రి, వైద్య కళాశాల మొదలయ్యాయి. చుట్టుపక్కల ప్రాంతాల రోగులూ ఇక్కడికే వచ్చేవారు కాబట్టి, ఊళ్లలో విడివిడిగా కనిపించే కేసుల మధ్య ఉన్న పోలిక వార్డులో బయటపడింది. కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కు అడ్డపొగే కారణమని డి.గోవింద రెడ్డి, వి.కె.రావు 1957లో పరిశోధన పత్రం రాశారు. పొగాకు తారుకు వేడి తోడైతే ఏమవుతుందో జంతువుల మీద పరీక్షించిన ఫలితాలను 1960లో గోవింద రెడ్డి, డి.బి.రెడ్డి, పి.ఆర్.రావు ‘క్యాన్సర్’ పత్రికలో ప్రచురించారు. వార్డులో తట్టిన అనుమానాన్ని ప్రయోగశాల దాకా తీసుకెళ్లిన ఈ కృషికి తెలుగునాట దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

తర్వాత పరిశోధన ఊళ్లకు చేరింది. డెన్మార్క్ దంత వైద్య శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫాలి మెహతా, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు వెల్లడించారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారే. క్యాన్సర్‌కు ముందు అంగిలిలో వచ్చే మార్పులను ఈ పరిశోధనలు వర్ణించాయి: అంగిలి పొర తెల్లబారి మందమవుతుంది, చిన్న లాలాజల గ్రంథుల రంధ్రాలు ఎర్రటి చుక్కల్లా ఉబ్బుతాయి, అక్కడక్కడా రంగు పోతుంది, ఎర్ర మచ్చలు పడతాయి, పుండు పడుతుంది. అద్దంలో చూసుకున్నా అంగిలి సరిగా కనిపించదు. మొదట్లో నొప్పీ ఉండదు. అందుకే రోగి ఆలస్యంగా వస్తాడు.

అలవాటు మాన్పించగలమా అన్న ప్రశ్నకు ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందార్లతో చేసిన అధ్యయనం జవాబు వెదికింది. ఊరూరా తిరిగి నచ్చజెబితే అలవాటు తగ్గుతుందనీ, దాంతోపాటే క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలూ తగ్గుతాయనీ 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఫలితాలు సూచించాయి. విశాఖ వైద్యులు నెదర్లాండ్స్ పరిశోధకులతో కలిసి అడ్డపొగ మీద చేసిన గ్రామీణ అధ్యయనం 1993లో వెలువడింది.

ఎముకను పట్టిన అంగిలి క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స పై దవడ ఎముకలో కొంత భాగాన్నో, మొత్తాన్నో తీసేయడమే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో శస్త్రవైద్యుడు జెన్సూల్ 1827లో ఈ శస్త్రచికిత్స చేశాడు. తీయడంతో పని అయిపోదు. నోటికీ ముక్కుకీ మధ్య గోడ పోతుంది కాబట్టి తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది, మాట ముక్కుతో పలుకుతుంది, చెంప లోపలికి కుంగుతుంది. ఆ ఖాళీని మూయడానికి పళ్ల సెట్టులా తీసి పెట్టుకునే ఆబ్చురేటర్ చాలాకాలం ప్రధాన ఆధారం.

శరీరంలోని చర్మాన్నో, కండనో తెచ్చి మూసే ‘ఫ్లాప్’ పద్ధతులు వరుసగా వచ్చాయి: 1963లో మెక్‌గ్రెగర్ నుదుటి ఫ్లాప్, 1965లో బకమ్‌జియన్ ఛాతీ చర్మపు ఫ్లాప్, 1979లో అరియన్ ఛాతీ కండర ఫ్లాప్. 1980ల నుంచి ముంజేతి చర్మాన్నీ, కాలి ఫిబులా ఎముకనూ రక్తనాళాలతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద మెడలోని నాళాలకు కుట్టడం మొదలైంది. నోటి క్యాన్సర్ పాకే మెడ గ్రంథుల విషయంలో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 2015లో కీలకమైన ఫలితం ప్రకటించింది. తొలిదశ నోటి క్యాన్సర్లలో మెడ గ్రంథులను మొదటి ఆపరేషన్‌లోనే తీసేసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉండగా, గడ్డ కనిపించాక తీసినవారిలో 67.5 శాతమే మిగిలారు. ఆ అధ్యయనం ప్రధానంగా నాలుక, బుగ్గ క్యాన్సర్ల మీద జరిగింది. అంగిలికి దాన్ని యథాతథంగా అన్వయించలేం. టాటా మెమోరియల్ సెంటర్‌కే చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఇప్పుడు విశాఖ ఉక్కు కర్మాగారానికి చేరువలో, అగనంపూడిలో ఉంది.

ఆబ్చురేటరా, ఫ్లాపా అన్న చర్చ ఇంకా తేలలేదు. ఆబ్చురేటర్ తీసి చూస్తే క్యాన్సర్ తిరగబెట్టిందో లేదో నేరుగా కంటికి తెలుస్తుంది, ఆపరేషన్ కూడా చిన్నది. కానీ అది మిగిలిన పళ్లను పట్టుకొని నిలవాలి, పళ్లూడిన ముసలమ్మకు కుదురుగా కూర్చోదు. ఫ్లాప్ వేస్తే రోజూ తీసి కడిగే అవస్థ తప్పుతుంది. అయితే గంటల తరబడి మత్తును ఆ వయసు తట్టుకోవాలి, లోపల మొలిచే గడ్డను స్కానింగులతోనే కనిపెట్టాలి.