గాలి కాదు, తీగ

ప్లాస్టిక్ గొట్టంలో చిన్న ఫ్యాను, రెండు తీగలు, పైన ‘ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్’ అన్న పేరు. ఆన్‌లైన్‌లో ఇలాంటివి చవగ్గా దొరుకుతాయి. కారు కొన్న కొత్తలో నేనూ ఒకటి కార్ట్‌లో వేసుకుని, డబ్బు కట్టేముందు ఎందుకో కాగితం మీద లెక్క వేశాను.

ఇంజను బలమంతా అది పీల్చే గాలిలో ఉంది. గాలి ఎక్కువ కూరితే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు. 1.2 లీటర్ల ఇంజను 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి దాదాపు 60 లీటర్ల గాలి లాగుతుంది. ఆ గాలిని మామూలు కంటే 20 శాతం ఎక్కువ ఒత్తిడితో తొయ్యాలంటే, మంచి కంప్రెసరుకే 1.7 కిలోవాట్ల దాకా కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అయితే 140 ఆంపియర్లు! నా కార్ట్‌లోని ఫ్యాను లాగేది ఐదారు. ఇంజను గట్టిగా పీల్చే వేళ అది సాయం కాదు, దారికి అడ్డం.

నిజానికి గాలి తోసే యంత్రానికి ఎన్నడూ కొరత లేదు. అమెరికాలో రూట్స్ సోదరుల బ్లోయరు 1860 నాటిది, అంటే కార్ల కంటే పాతది. 1921లో మెర్సిడెస్ బెర్లిన్‌లో సూపర్‌ఛార్జరున్న కార్లు చూపించింది. అవి ఇంజను బలాన్నే కొంత తినేవి. బూషీ 1905లో పేటెంటు తీసుకున్న టర్బో పొగ ఊపుతో తిరుగుతుంది గానీ, పొగ పుంజుకునేదాకా ఆగాలి. కరెంటుతో తిప్పితే ఈ రెండు బాధలూ లేవు కదా?

లేవు, కరెంటు ఉంటే. కార్లు 1950ల్లో 6 నుంచి 12 వోల్టులకి మారి అక్కడే ఉండిపోయాయి. 1990ల్లో 42 వోల్టుల ప్రయత్నం మొదలై చల్లారిపోయింది. 2011లో జర్మన్ కంపెనీలు 48కి ఒప్పుకున్నాయి. 60 దాటితే షాకు భయం, రక్షణ ఖర్చు. అంచేత ఆ అంకె. వోల్టులు నాలుగింతలైతే అదే పనికి ఆంపియర్లు పావు వంతు చాలు, సన్న తీగా చాలు.

2016లో ఆడి ఎస్‌క్యూ7 వచ్చింది. 7 కిలోవాట్ల మోటారు పావు సెకనులో కంప్రెసరుని 70,000 ఆర్‌పీఎంకి తీసుకెళ్తుంది. అంత చేసీ అక్కడ దాని ఉద్యోగం రెండు టర్బోలు నిద్ర లేచేదాకా ఇల్లు కాపలా కాయడమే! చరిత్రలు బ్లోయరు కనిపెట్టినవాళ్ల పేర్లే చెప్తాయి. ఈ తీగ కథ ఎవరూ చెప్పరేం అని నా ఫిర్యాదు.

ఆ ఫ్యాను కార్ట్‌లోంచి తీసేసి, ఎయిర్ ఫిల్టరు మార్పించాను. తేడా తెలిసిందా అని మా ఆవిడ అడిగితే, తెలిసిందనే చెప్పాను.