ఫ్రాంక్లిన్ చుక్కల పుస్తకం

1730 ప్రాంతంలో, అప్పటికి బ్రిటిషు వలసగా ఉన్న పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా నగరంలో అచ్చాఫీసు నడుపుకొంటున్న ఒక యువకుడు చిన్న పుస్తకమొకటి తయారుచేసికొని, పుటపుటకూ ఎర్రసిరాతో గీతలు గీసికొన్నాడు. నిలువుగా ఏడు గడులు, అవి వారంలోని రోజులు. అడ్డంగా పదమూడు వరుసలు, అవి తాను అలవరచుకోదలచిన గుణాలు. ప్రతి సాయంకాలమూ ఆనాటి నడవడిని తలచుకొని, ఏ గుణం విషయంలో తప్పితే ఆ గడిలో ఒక నల్లచుక్క పెట్టేవాడు. బడిపంతుళ్ళం ముప్ఫైయేళ్ళపాటు ఎర్రసిరాను పరుల తప్పులకే ఖర్చుచేసిన వాళ్ళం గనుక ఈ సంగతి మొదటిసారి చదివినపుడు నాకు కొంచెం సిగ్గు వేసింది.

ఆ యువకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1706లో బోస్టన్‌లో పుట్టాడు. పిడుగుకూ విద్యుత్తుకూ గల సంబంధం విషయంలో ఆయన పేరు మనవాళ్ళు వినే ఉంటారు. ఈ చుక్కల పుస్తకం కథను ఆయన 1784లో, డెబ్బైయెనిమిదేళ్ళ వయసులో, పారిస్ దగ్గరి పాసీలో ఉంటూ తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు.

మన పెద్దలు అంతశ్శత్రువులను ఆరుగా లెక్కించారు. ఫ్రాంక్లిన్ శత్రువులను కాక మిత్రులను లెక్కించాడు. మితాహారం, మితభాషణం, క్రమం, దృఢనిశ్చయం, పొదుపు, శ్రమ, నిష్కాపట్యం, న్యాయం ఇలా మొదట పన్నెండు. అతనికి గర్వం ఎక్కువని ఒక క్వేకరు మిత్రుడు మొగం మీదనే చెప్పగా, వినయాన్ని పదమూడవదిగా చేర్చుకొన్నాడు. అన్నింటినీ ఒక్కసారిగా పట్టుకోలేదు. వారానికొక గుణం మీదనే దృష్టి. తోటలోని కలుపునంతా ఒక్కరోజున పీకబోని తోటమాలివలె ఒక్కొక్క మడి చొప్పున. పదమూడు వారాలకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. పాత చుక్కలను గీకి తుడిచి కొత్తవి పెట్టడంతో కాగితం చిల్లులు పడిపోయింది. అపుడు దంతపు రేకుల మీదికి గడులను ఎక్కించి, చుక్కలను పెన్సిలుతో పెట్టి, తడిస్పంజితో తుడుచుకొన్నాడు.

అన్నిటికన్న అతనిని ఏడిపించింది క్రమం. వస్తువులను, కాగితాలను ఉన్నచోట ఉంచడం జీవితాంతం పట్టుబడలేదట. ఆ సందర్భంలో ఒక గొడ్డలి కథ చెబుతాడు. ఒకడు గొడ్డలి కొని, అంచు మెరిసినట్టే ఒళ్ళంతా మెరవాలని కమ్మరిని కోరాడు. సానచక్రం నీవు త్రిప్పితే పదును నేను పెడతానన్నాడు కమ్మరి. త్రిప్పి త్రిప్పి అలసిపోయి, ఇక చాలన్నాడు కొన్నవాడు. ఇంకా మచ్చలున్నాయి, త్రిప్పమన్నాడు కమ్మరి. నాకు మచ్చల గొడ్డలే ఇష్టమని చెప్పి వాడు దానిని తీసుకొని వెళ్ళాడు. దుర్గుణం వదలడం కష్టమైనపుడు దానినే ఇష్టమని చెప్పుకోవడం మన బుద్ధికి ఎంత సులువో ఫ్రాంక్లిన్ తన మీదనే చెప్పుకొన్నాడు.

ఇంకొకచోట ఈ మాటే చేపల మీద చెప్పాడు. పదహారేళ్ళ ప్రాయంలో ఒక పుస్తకం చదివి మాంసాహారం మానుకొన్నాడు. భోజనం ఖర్చులో మిగిలిన డబ్బుతో పుస్తకాలు కొన్నాడు. 1723లో బోస్టన్ విడిచి ఓడలో వెళ్తూండగా గాలి పడిపోయింది. నావికులు కాడ్ చేపలు పట్టి వేయించసాగారు. వాసన కమ్మగా ఉన్నది. నియమానికీ జిహ్వకూ కొంతసేపు పోరు జరిగింది. పెద్దచేపల కడుపులో చిన్నచేపలు కనబడడం జ్ఞాపకం వచ్చి, మీరు ఒకరినొకరు తినగా నేను మిమ్మల్ని తింటే తప్పేమి అని సమాధానపడి, తృప్తిగా భోంచేశాడు. వివేకం కలిగిన ప్రాణికి, తాను చేయదలచినదానికల్లా ఒక కారణం దొరుకుతుందని నవ్వుకొన్నాడు. తర్కశాస్త్రం చదివిన పండితులకు ఈ చేపల ఉదంతం ఒక్కటి చాలు.

ఆ మోసం తెలిసినవాడు గనుకనే కాబోలు, కాగితాన్ని నమ్ముకొన్నాడు. 1772 సెప్టెంబరులో, షెల్‌బర్న్ ప్రభువు కొలువులో చేరడమా మానడమా అని జోసెఫ్ ప్రీస్ట్లీ సలహా అడిగాడు. ఏమి చేయాలో చెప్పలేను, ఎలా నిర్ణయించుకోవాలో చెబుతానన్నాడు ఫ్రాంక్లిన్. కాగితం మధ్య గీత గీసి, ఒకవైపు అనుకూలాలు, ఒకవైపు ప్రతికూలాలు, మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా వ్రాయాలి. తూకంలో సమానమైనవాటిని ఇరువైపులా కొట్టివేయాలి. మిగిలినదే నిర్ణయం. కారణాలన్నీ ఒకేసారి మనసులో నిలువవు గనుక ఈ ఏర్పాటు. ప్రీస్ట్లీ ఆ కొలువులో చేరాడు. అక్కడ ఉండగానే 1774లో ఆక్సిజన్‌ను వేరుచేశాడు.

అయితే చుక్కల పుస్తకానికి కనబడని మచ్చ ఒకటున్నది. న్యాయం అతని జాబితాలో ఎనిమిదవది. ఆ ఇంట్లోనే బానిసలుండేవారు, బానిసల అమ్మకపు ప్రకటనలు అతని పత్రికలో పడేవి. ఏ గడిలోనూ చుక్క పడని తప్పు అది. వృద్ధాప్యంలో మారాడు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడై, 1790 ఫిబ్రవరిలో కాంగ్రెసుకు విజ్ఞాపన పంపాడు. రెండు నెలలకే, ఏప్రిల్ 17న, మరణించాడు.

మశూచి సంగతి వేరు. 1721లో బోస్టన్‌లో ఆ వ్యాధి చెలరేగినపుడు, రోగి బొబ్బలలోని రసిని ఆరోగ్యవంతుని చర్మంలోకి ఎక్కించే పద్ధతిని అక్కడ ప్రయత్నించారు. (జెన్నర్ గోమశూచి టీకా 1796 నాటిది. నా వయసువారి భుజాల మీది మచ్చ దాని సంతానం.) సహజంగా సోకినవారిలో ఏడుగురికి ఒకరు పోయారు. ఎక్కించుకొన్నవారిలో పోయినది నూటికి ఇద్దరు ముగ్గురు. ఆనాడు ఫ్రాంక్లిన్ అన్నగారి పత్రిక ఈ పద్ధతిని ఎగతాళి చేసింది. ఆ పత్రిక అచ్చుశాలలో పనినేర్చుకొంటున్న తమ్ముడు పెద్దయ్యాక లెక్కలు చూచి, దానిని సమర్థించాడు.

సమర్థించినవాడు తన కొడుకు ఫ్రాన్సిస్‌కు చేయించలేదు. పిల్లవానికి విరేచనాలు, తగ్గిన పిమ్మట చేయిద్దామనుకొన్నాడు. 1736 నవంబరులో నాలుగేళ్ళ బిడ్డ మశూచితో పోయాడు. రసి ఎక్కించినందువల్లనే చనిపోయాడని ఊళ్ళో వదంతి పుట్టింది. అది విని జనం జంకకూడదని, బిడ్డకు ఎక్కించనేలేదని ఆ డిసెంబరులో తన పత్రికలోనే ఫ్రాంక్లిన్ ప్రకటించాడు. 1788లో, ఎనభైరెండేళ్ళ వయసులో, స్వీయచరిత్రలో ఆ మాట మళ్ళీ ఎత్తుకొన్నాడు. చేయించి పోగొట్టుకొన్నా, చేయించక పోగొట్టుకొన్నా తల్లిదండ్రులకు దుఃఖం ఒక్కటే గనుక, అపాయం తక్కువైన దారినే పట్టండని వ్రాశాడు. బిడ్డ పోయి అప్పటికి దాదాపు యాభైరెండేళ్ళు.