ఆగస్టు 20: ఒక జ్వరం, ఒక దోమ

ఆగస్టు 20 పేరిట చరిత్రలో ఎన్నో ఘట్టాలున్నాయి. 1968లో సోవియట్ కూటమి సేనలు చెకోస్లోవేకియాలోకి చొరబడింది ఈ రాత్రే. 1977లో వాయేజర్-2 వ్యోమనౌక బయలుదేరిందీ ఈనాడే. వైద్యునిగా నా మనసు మాత్రం ఇదే తేదీన జరిగిన మరి రెండింటి వైపు పోతుంది.

మొదటిది 1858 నాటిది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్, నేటి ఇండోనేషియాకు చెందిన మలుకు దీవుల్లో, చలి వేడి మార్చి మార్చి వచ్చే జ్వరంతో మంచం పట్టాడు. అది మలేరియాయే అయి ఉంటుందని చరిత్రకారుల భావన. ఆ జ్వరపు మగతలోనే ఆయనకు ప్రకృతి వరణ సూత్రం స్ఫురించింది. పరిస్థితులకు తట్టుకున్న జీవులే మిగిలి, తమ సంతతిని పెంచుకుంటాయన్నది దాని సారం. డార్విన్ రచనతో కలిసి ఆయన వ్యాసం లండన్‌లోని లినియన్ సొసైటీ పత్రికలో ఆగస్టు 20న అచ్చయింది.

రెండవది మన సికింద్రాబాదులో జరిగింది. దోమల ద్వారా మలేరియా వ్యాపిస్తుందేమోనన్న పాట్రిక్ మాన్సన్ ఊహను పట్టుకుని, సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ రెండేళ్లు వేరే జాతుల దోమలను కోస్తూ విఫలుడయ్యాడు. 1897 ఆగస్టు 16న, రెక్కలపై మచ్చలున్న కొత్త రకం దోమలచేత హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. (ఆ రోగి ఓపికకు నోబెల్ లేదు!) 20వ తేదీ మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా పంకా లాగించలేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయని. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. చివరికి ఒక దోమ పొట్ట గోడలో గుండ్రని కణాలు, వాటిలో మలేరియా రోగుల రక్తంలో కనిపించే నల్లని రేణువులే కనబడ్డాయి. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే లోపల ఏదో పెరుగుతున్నది. పూర్తి జీవితచక్రాన్ని ఆయన మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాలో చూపాడు. మనుషుల విషయంలో దానిని ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి లభించింది.

శత్రువు దొరికింది గనుక యుద్ధం ముగిసినట్లే అనుకున్నారు. స్వాతంత్ర్యానంతరం డీడీటీ చల్లకంతో మన దేశంలో మలేరియా కేసులు 1960ల తొలినాళ్లలో లక్ష లోపుకు దిగాయి. 1976 నాటికి అవే 64 లక్షలు దాటాయి. నిధుల కొరత, యంత్రాంగపు అలసత్వం కారణాలే. అయితే వాలెస్ జ్వరంలో కనుగొన్న సూత్రం కూడా ఇక్కడ నిశ్శబ్దంగా పనిచేసింది: డీడీటీకి లొంగని దోమలు బ్రతికి పిల్లలను పెట్టాయి. పరాన్నజీవిదీ అదే దారి. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం 1973లో అస్సాంలో బయటపడింది. నేడు ఫాల్సిపారం మలేరియాకు ఆర్టిమిసినిన్ జాతి మందును ఒంటరిగా గాక మరొక మందుతో జతచేసి, మూడు రోజులూ విడవకుండా మింగమని వైద్యులు చెప్పేది ఇందుకే.