సరస్సును తోడిపోసిన కోట

ఆంస్టర్‌డాం మీదుగా అమెరికాకో, యూరప్‌కో వెళ్లే తెలుగువాళ్లు విమానం మారడానికి కాసేపు ఆగే చోటు స్కిపోల్. అక్కడి రన్‌వేలు సముద్రమట్టం కంటే మూడు నాలుగు మీటర్లు దిగువన ఉంటాయి. విమానాశ్రయం ఒకప్పటి సరస్సు అడుగున కట్టింది కాబట్టి. 1573 మే 26న స్పెయిన్ పక్షం నౌకలూ, డచ్చి తిరుగుబాటుదారుల నౌకలూ ఈ సరస్సులోనే తలపడ్డాయి. ఫిరంగులు మోసిన నౌకలు తేలిన చోట ఇవాళ ట్రాలీ బ్యాగులు దొర్లుతున్నాయి. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలంటే విమానాశ్రయం నుంచి కొద్ది కిలోమీటర్లు వెళ్లి, హార్లెమ్ ఊరి పక్కన కాలువ గట్టు మీద ఉన్న ఒక గుండ్రటి భవనాన్ని చూడాలి. దూరం నుంచి చూస్తే కోట బురుజే అనిపిస్తుంది. పిట్టగోడల మీద కోటకొమ్ములు, కోసుగా లేచిన కమాను కిటికీలు. ఆ కిటికీల్లోంచి మాత్రం ఫిరంగులకు బదులు లావుపాటి ఇనుప దూలాలు ఎనిమిది బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

దాని పేరు క్రూకియస్. 1849లో పని మొదలుపెట్టిన ఆవిరి పంపింగ్ స్టేషన్ ఇది. ఇప్పుడు మ్యూజియం. ప్రపంచంలో ఇప్పటిదాకా తయారైన ఆవిరి యంత్రాల్లో అతి పెద్ద సిలిండర్ ఇందులోనే ఉంది. వ్యాసం 144 అంగుళాలు, అంటే 3.66 మీటర్లు.

ముందు సరస్సు సంగతి. దాని పేరు హార్లెమర్‌మేర్. మొదట్లో అది ఒక సరస్సు కాదు, నాలుగు. చుట్టుపక్కల నేలంతా పీట్, అంటే తవ్వి ఎండబెడితే కట్టెల్లా మండే మెత్తటి మట్టి. పొయ్యిల కోసం జనం దాన్ని తరాల తరబడి తవ్వుకుపోయారు. తవ్విన గోతుల్లో నీరు చేరింది, గాలివానకు అలలు లేచి మెత్తటి ఒడ్డును కోశాయి. మడుగులు కలిసి ఒకటైపోయాయి. ఊళ్లకు ఊళ్లే నీళ్లపాలయ్యాయి. డచ్చివాళ్లు ఈ సరస్సుకు పెట్టుకున్న పేరు ‘నీటి తోడేలు’. పంతొమ్మిదో శతాబ్దం నాటికి అది సుమారు 180 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. అందులో సగం కంటే కాస్త ఎక్కువన్న మాట. చుట్టూ ఉన్నవి మాత్రం లంక గ్రామాలు కావు. ఆంస్టర్‌డాం, హార్లెమ్, లైడెన్ లాంటి సంపన్న నగరాలు.

దీన్ని తోడేద్దామన్న ఆలోచన పాతదే. బందరులో డచ్చి కంపెనీ మన కలంకారీ బట్టలు కొనుక్కుంటున్న రోజుల్లో, 1641లో, యాన్ లేఖ్‌వాటర్ అనే మరల నిపుణుడు దీని మీద ఏకంగా పుస్తకం రాశాడు. అంతకుముందు బేమ్‌స్టర్ అనే సరస్సును గాలిమరలతో ఎండబెట్టిన అనుభవం అతనిది. 160 గాలిమరలు పెడితే ఈ పెద్ద సరస్సూ ఎండుతుందని లెక్క కట్టాడు. డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. నూరేళ్లు గడిచాక నికోలాస్ క్రూకియస్ మరో పథకం వేశాడు. దానికీ అదే గతి పట్టింది.

ఈ క్రూకియస్ గురించి ఒక మాట చెప్పాలి. వృత్తికి సర్వేయరు. రోజూ ఉష్ణోగ్రత, వాన, గాలి పీడనం కొలిచి రాసిపెట్టుకునే అలవాటు. 1730లో మెర్వేడ నది పటం అచ్చువేసినప్పుడు, నది అడుగున ఒకే లోతున్న చోట్లన్నిటినీ గీతలతో కలిపి చూపించాడు. అలాంటి గీతలతో అచ్చయిన తొలితరం పటాల్లో అదొకటి. ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అంటూ కొల్లేటి ఒడ్డున ఇవాళ్టికీ నడుస్తున్న తగాదాలన్నీ ఆ జాతి గీతల మీదనే! ఆయన పథకం కాగితాల్లోనే మిగిలినా, పేరు మాత్రం ఈ పంపింగ్ స్టేషన్‌కు దక్కింది.

సరస్సును ఎండబెట్టడానికి చుట్టుపక్కల నగరాలు ఒప్పుకునేవి కావు. ఆ అభ్యంతరాలకు కారణాలు లేకపోలేదు. లైడెన్‌కు సరస్సులో చేపల హక్కులున్నాయి. పడవల దారులున్నాయి. పైగా ఆ ప్రాంతంలో పొలాల మురుగునీరంతా వచ్చి నిలిచేది ఈ సరస్సులోనే. అది లేకపోతే ఆ నీరు ఎటు పోవాలి? వాదనలు అలా సాగుతుండగా 1836 నవంబరులో పడమటి నుంచి తుపాను వచ్చింది. సరస్సు నీరు ఆంస్టర్‌డాం గుమ్మాల దాకా తన్నుకొచ్చింది. నెల తిరగకుండా, క్రిస్మస్ నాడు, గాలి ఎదురు దిక్కు నుంచి వీచింది. ఈసారి నీళ్లు లైడెన్ వీధుల్లోకి వచ్చాయి. దాంతో వాదించేవాళ్ల గొంతు తగ్గింది. మరుసటి ఏడాదే మొదటి విల్లెం రాజు కమిటీ వేశాడు. 1839లో చట్టమైంది, 1840లో తవ్వకం మొదలైంది.

మొదట చేసింది పంపులు పెట్టడం కాదు. సరస్సు చుట్టూ 60 కిలోమీటర్ల పొడవున గట్టు వేసి, దాని బయట కాలువ తవ్వారు. తోడిన నీళ్లు పోవడానికీ, పడవలు నడవడానికీ ఆ కాలువ. వేల మంది కూలీలు పారలు పట్టి చేతులతో చేసిన పని అది. ఆవిరి గొప్పల్లో ఈ పని వెనకబడిపోతుంది కానీ, గట్టు లేకుండా ఎంత యంత్రం తెచ్చినా తోడిన నీరు తోడినచోటికే వచ్చేది.

ఇక తోడేది దేనితో అన్న ప్రశ్న. గాలిమరలు డచ్చివాళ్ల సొంత విద్య. వాటిని కాదని బొగ్గు తినే ఇంగ్లీషు యంత్రాలను తెచ్చుకోవడం చాలామందికి మింగుడు పడలేదు. గాలి ఉచితం, బొగ్గు కొనాలి. కానీ గాలి ఎప్పుడు వీస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. చివరికి మూడు పెద్ద ఆవిరి యంత్రాలే నయమని తేల్చారు. పథకాలు వేసి భంగపడ్డ లేఖ్‌వాటర్, క్రూకియస్, లైండెన్ పేర్లే ఆ మూడింటికీ పెట్టారు. ఓడిపోయినవాళ్లకు ఇంత పెద్ద గుర్తింపు ఇవ్వడం నాకు భలే నచ్చిన విషయం.

యంత్రాల ముఖ్య భాగాలు పోత పోసుకున్నది ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో. క్రూకియస్ సిలిండర్లు అక్కడి హేల్ అనే చిన్న రేవులోని హార్వే కంపెనీవి. కార్న్‌వాల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడ రాగి, తగరం గనులున్నాయి, బొగ్గు లేదు. గనుల్లో ఊరే నీరు తోడాలంటే వేల్స్ నుంచి ఓడల్లో బొగ్గు తెప్పించుకోవాలి. దాంతో బస్తా బొగ్గుకు ఎంత నీరు పైకొచ్చిందన్న లెక్క అక్కడ పరువు సమస్య అయింది. 1811 నుంచి ఏ గనిలో ఏ యంత్రం ఎంత పని చేసిందో నెలనెలా అచ్చువేసి పంచేవారు. ఎవరి యంత్రం వెనకబడిందో ఊరంతటికీ తెలిసిపోయేది. ఆ పోటీలో రాటుదేలిన పొదుపును జోసెఫ్ గిబ్స్, ఆర్థర్ డీన్ అనే ఇంజినీర్లు హార్లెమర్‌మేర్‌కు తెచ్చారు.

పాతకాలం ఏతం చూసినవాళ్లకు క్రూకియస్ పనితీరు ఇట్టే అర్థమవుతుంది. ఏతంలో మనిషి దూలం మీద వెనక్కి నడిస్తే బరువు అటు తూగి, ముందు వైపు బాన నీళ్లతో పైకి లేస్తుంది. ఇక్కడ దూలాలు ఎనిమిది, మనిషి స్థానంలో టన్నుల కొద్దీ ఇనుప బరువు. ఆ బరువును పైకి ఎత్తడమే ఆవిరికి ముఖ్యమైన పని. దించడంలో భూమ్యాకర్షణ చేయి వేస్తుంది.

బురుజు నడిమధ్యన, ఒకదాని లోపల ఒకటిగా రెండు సిలిండర్లు నిలువుగా ఉంటాయి. లోపలిది 84 అంగుళాలు, బయటిది 144. ముందు లోపలి సిలిండర్ అడుగున ఆవిరి చొరబడి పిస్టన్‌ను పైకి నెడుతుంది. దానితోపాటు బయటి సిలిండర్‌లోని వలయాకారపు పిస్టన్, రెండింటి నెత్తిన మూతలా కూర్చున్న ఆ ఇనుప బరువు కూడా లేస్తాయి. బరువుకు ఆనుకున్న దూలాల లోపలి కొసలు లేస్తాయి. గోడ అవతల ఉన్న కొసలు, వాటికి వేలాడే పంపు పిస్టన్లతో సహా నీళ్లలోకి దిగుతాయి. ఒకసారి పని చేసిన ఆవిరిని పారేయరు. దాన్ని పిస్టన్ల పైవైపుకు మళ్లిస్తారు. కింద శూన్యం, పైన ఆవిరి, దానికి తోడు బరువు. మూడూ కలిసి పిస్టన్లను కిందికి దించుతాయి. అప్పుడు బయట ఎనిమిది పంపులూ ఒక్కసారిగా నీళ్లతో లేస్తాయి.

ఈ రెండు కదలికల మధ్య చిన్న విరామం ఉంది. నా మటుకు ఈ యంత్రంలో చూడవలసింది 144 అంగుళాల రికార్డు కాదు, ఆ విరామమే. బరువు పైకి చేరిన వెంటనే పడిపోతే, నీళ్లలో ఉన్న పంపు కవాటాలు మూసుకునే వ్యవధి ఉండదు. అవి దబ్బున మూసుకుని మొత్తం కట్టడాన్నే కుదిపేస్తాయి. అందుకని గిబ్స్, డీన్ నీటి పీడనంతో పనిచేసే ఒక పట్టు అమర్చారు. బరువు శిఖరానికి చేరగానే అది కాస్సేపు ఆపి పట్టుకుంటుంది. కింద కవాటాలు నింపాదిగా మూసుకుంటాయి. ఆపరేటరు పట్టు వదులుతాడు. అన్ని టన్నుల ఇనుమును గాల్లో నిలబెట్టి, కింద నీళ్లు సర్దుకునేదాకా ఆగడం!

ఒక్కో ఊపు మూడు మీటర్లు. నిమిషానికి ఐదు ఊపులు మాత్రమే. కానీ ఒక్క ఊపుకు 64 వేల లీటర్లు పైకొస్తాయి. హైదరాబాద్‌లో వేసవిలో ఇంటి ముందుకొచ్చే ఐదువేల లీటర్ల ట్యాంకర్ల లెక్కన దాదాపు పదమూడు. మనకు ఎత్తిపోత అంటే నదిలోంచి పొలాల్లోకి నీళ్లు ఎత్తడం. వీళ్లది పొలం కావలసిన చోటు నుంచి నీళ్లను కాలువలోకి ఎత్తిపోయడం.

లేఖ్‌వాటర్ 1848లో పని మొదలుపెట్టింది, మిగతా రెండూ 1849లో అందుకున్నాయి. మొత్తం తోడిన నీరు దాదాపు 80 కోట్ల ఘనపు మీటర్లు. మన భాషలో 28 టీఎంసీలు. హైదరాబాద్ ఉస్మాన్‌సాగర్ కట్టినప్పటి సామర్థ్యం 3.9 టీఎంసీలు, అలాంటివి ఏడు ఖాళీ చేసినట్టు. 1852 జులై నాటికి అడుగు బయటపడింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందీ ఆ సంవత్సరమే. అడుగున ఏం దొరుకుతాయోనని పండితులు ఎదురుచూశారు. మునిగిన ఊళ్లు, నౌకాయుద్ధం మిగిల్చిన సామగ్రి కనిపిస్తాయనుకున్నారు. అంత ఆశకు తగ్గట్టు పెద్దగా ఏమీ దొరకలేదు.

దొరికింది 45 వేల ఎకరాల బురద. ప్రభుత్వం దాన్ని గీత గీసినట్టు చదరాలుగా కోసి, 1853 నుంచి రెండు మూడేళ్లలో అమ్మేసింది. రోడ్లు అంతంత మాత్రం, తాగునీరు లేదు, ఇళ్లు లేవు. గడ్డీ రెల్లూ మనిషెత్తు పెరిగాయి. నేల సాగులోకి తెచ్చేందుకు వచ్చిన కూలీలు గుడిసెల్లో బతికారు. కలరా వచ్చింది, చలిజ్వరం వచ్చింది. మొదటితరం రైతుల్లో చితికిపోయినవాళ్లు చాలామంది. నీళ్లను పంపడానికి అంత శాస్త్రం వాడిన రాజ్యం, మనుషులను తీసుకురావడంలో ఆ శ్రద్ధలో పదో వంతు కూడా చూపలేదు.

యంత్రాలకూ అక్కడితో పని అయిపోలేదు. వాన పడుతూనే ఉంటుంది, గట్టు కింద నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. సరస్సును తోడడానికి మూడేళ్లు పట్టింది. దాన్ని మళ్లీ సరస్సు కాకుండా చూడడానికి క్రూకియస్ మరో ఎనభై ఏళ్లు దూలాలు ఆడించింది. ఇప్పటికీ పంపులు ఆపితే స్కిపోల్ రన్‌వేలు మునుగుతాయి. ఆ పని నేడు కరెంటు, డీజిలు పంపులది. మిగతా రెండు స్టేషన్లలో పాత యంత్రాలను ముందే విప్పేసి కొత్త పంపులు పెట్టుకున్నారు. అవసరానికి పనికొస్తుందని క్రూకియస్‌ను కదిలించకుండా ఉంచారు. అలా ఉంచేయడమే దాన్ని కాపాడింది. 1933లో ఆపేశాక తుక్కు కింద అమ్మేయకుండా డచ్చి ఇంజినీర్ల సంఘం పట్టుబట్టి ఆ దశాబ్దంలోనే మ్యూజియంగా మార్పించింది. 1991లో అమెరికన్ మెకానికల్ ఇంజినీర్ల సంస్థ దీన్ని అంతర్జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

ఇప్పుడు వెళ్లినవాళ్లకు దూలాలు కదలడం కనిపిస్తుంది కానీ ఆవిరితో కాదు, హైడ్రాలిక్ ఏర్పాటుతో. బొగ్గు వాసన, వేడి ఉండవు. కొందరికి ఇది నిరుత్సాహమే. కానీ పైఅంతస్తులో దూలాల నడుమ నిలబడి, తర్వాత బయటికి వచ్చి అవే దూలాల రెండో కొసలు పంపుల మీద లేచి దిగడం చూస్తే యంత్రం మొత్తం మనసుకెక్కుతుంది. లోపల నెదర్లాండ్స్ నమూనా ఒకటుంది. గట్లు లేకపోతే దేశంలో ఎంత భాగం మునుగుతుందో అందులో నిజంగానే నీళ్లు పారించి చూపిస్తారు. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడి నుంచి వాళ్లను కదల్చడానికి కాస్త కష్టపడాలి.

ఆవిరినే చూడాలని పట్టుదల ఉంటే మరో రెండు చోట్లున్నాయి. దగ్గర్లోనే హాఫ్‌వెఖ్ ఊళ్లో 1852 నాటి ఆవిరి పంపింగ్ స్టేషన్ ఉంది; సరస్సు పోయాక చుట్టుపక్కల పొలాల మురుగునీరు ఎటు పోవాలన్న పాత ప్రశ్నకు కట్టిన జవాబుల్లో అదొకటి. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో, లెమ్మర్ ఊరి దగ్గర 1920లో విల్హెల్మినా రాణి ప్రారంభించిన వౌడాఖెమాల్ ఇంకొకటి. 1998 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. అది కూడా సందర్శకులకు తెరిచిన స్టేషనే, కానీ ఇంకా ఉద్యోగంలోనే ఉంది. భారీ వర్షాలకు ఆ ప్రాంతంలో నీటిమట్టం మామూలు పంపులకు లొంగనప్పుడు, ఏడాదికి కొన్నిసార్లు, బాయిలర్లు వెలిగించి దాన్ని పనిలోకి దింపుతారు.